జాకీ కింద మట్టి

కిందటేడు శ్రావణమాసంలో ఒక శనివారం సాయంత్రం మా నాన్నగారి అంబాసిడర్‌ని వెనక వైపు ఎత్తి రెండు స్టాండ్ల మీద నిలబెట్టాను. పశువుల పాకలో. పశువులు పోయి పదేళ్ళయింది, పాక మిగిలింది. నేల గట్టిగానే ఉందనిపించింది. మడమతో తన్ని చూశాను, దిగలేదు. చీకటి పడుతోందని కిందికి దూరకుండా లోపలికొచ్చేశాను. రాత్రి వాన పడింది. పెద్ద వానేం కాదు, చూరు ధార కట్టేపాటి వాన. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి కారు ఎడమకి ఒరిగి ఉంది, కాలు బెణికిన గేదె నిలబడ్డట్టు.

వంగి చూశాను. ఎడమ స్టాండు కాళ్ళు నాలుగు వేళ్ళ లోతు మట్టిలో ఉన్నాయి. నాలుగూ సమానంగా దిగితే అదో రకం. చూరు వైపున్న రెండూ ఎక్కువ దిగాయి, లోపలి రెండూ తక్కువ. దాంతో స్టాండే పక్కకి వాలింది. వెనక ఇరుసుని కప్పి ఉండే హౌసింగు గొట్టం స్టాండు తలలోని గాడి వదిలేసి అంచు మీదికి వచ్చి ఆగింది. ఇంకో వేలెడు దిగితే కారు నేల మీదుండేది.

రాత్రంతా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్టాండు విరగలేదు, వంగలేదు. జాకీ ఆయిలు కారలేదు. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేశారు, మట్టి కూడా తన పని తను చేసింది. ఆ మాటే నాకు అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతోంది. ఇంట్లో పాత కారు బాగు చేసుకోవాలనే ఉబలాటం ఉన్నవాళ్ళు ఏ జాకీ కొనాలి, ఎన్ని టన్నుల స్టాండు కొనాలి అని నెలల తరబడి ఆరాలు తీస్తారు, నేనూ తీశాను. మన గోదారి డెల్టాలో అది రెండో ప్రశ్న. మొదటిది, అవన్నీ దేని మీద నిలబడతాయన్నది. డబ్బులు తక్కువుంటే జాకీ తర్వాత కొనుక్కోండి, ముందు నేల వేయించుకోండి అన్నది నా వాదన. దీని మీద మా ఊళ్ళో నాతో ఏకీభవించినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు.

కారు సంగతి కాస్త చెప్పాలి. అంబాసిడర్లు 1958 నుంచి 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారలో తయారయ్యాయి. మాది 1984 నాటి మార్క్ 4, పెట్రోలు బండి. నాన్నగారు పోయాక పాకలోకి తోసి టార్పాలిన్ కప్పాం. మాది పి.గన్నవరం మండలంలో లంకలకి ఆనుకున్న ఊరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా పెరట్లోకి కూడా నీళ్ళొచ్చాయి. కారు తలుపుల కింద అంచు దాకా మునిగి, మూడు రోజులు అలాగే ఉంది. నీళ్ళు తీశాక పైపైన కడిగాం, లోపలికి వెళ్ళిన ఒండ్రు లోపలే ఉండిపోయింది. ఇలాంటి బండిని బాగు చెయ్యడమంటే పైన రంగు కొట్టడం కాదు, పనంతా అడుగునే. ఫ్లోరు రేకు, తలుపుల కింద పొడుగునా ఉండే రేకు బాక్సులు, బ్రేకు గొట్టాలు, కమాన్ పట్టీలు, సైలెన్సరు, అన్నీ అక్కడే. ఒక రోజు దూరి వచ్చేసే పని కాదు, నెలల తరబడి రోజుకి రెండు గంటలు వెల్లకిలా పడుకునే పని. సర్వీసు షెడ్డులో అయిదు నిమిషాలు తల పెట్టి తీసేవాడి లెక్క వేరు, నా లెక్క వేరు.

ఆ ఆదివారం మా కార్ల మేస్త్రిగారిని పిలిపించాను. నాన్నగారి కాలం నుంచీ ఈ బండిని చూసిన మనిషి. ఒరిగిన కారుని చూసి ఆయన కంగారేం పడలేదు. పాక మూలనున్న కొబ్బరి మొద్దు ఒకటి కాలితో దొర్లించుకుంటూ వచ్చి, "దీన్ని కింద పడేసి, పైన రెండిటుకలు పెడితే కదలదండీ మాస్టారూ. ఏం కాదు" అన్నారు.

"మొద్దు గుండ్రంగా ఉంది కదండీ, దొర్లిపోదా?"

"అటో రాయి, ఇటో రాయి ఎగదంతామండీ. నలభై ఏళ్ళ నుంచీ దూరుతున్నాను, నాకేమయింది?"

"మీకేం కాలేదు కాబట్టే మీరు చెప్పగలుగుతున్నారండీ. అయినవాడు చెప్పడానికి రాడు కదా."

ఆయన నవ్వి బీడీ ముట్టించారు. కాసేపాగి, తను పని నేర్చుకున్న లారీల షెడ్డులో ఒక కుర్రాడుండేవాడని మొదలుపెట్టి, "ఆయ్, అది వేరే సంగతిలెండి" అని ఆపేశారు. నేను రెట్టించి అడగలేదు. ఆ ఆగిపోయిన మాట మాత్రం ఆయన నలభై ఏళ్ళ అనుభవం కన్నా నాకు గట్టి సాక్ష్యంలా తోచింది.

కొబ్బరి మొద్దు సంగతి చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో ఏది ఎత్తాలన్నా, ఏది ఆపాలన్నా ముందు చేతికొచ్చేది అదే. కొబ్బరి ఏకదళబీజపు చెట్టు. వేపలాగా, తుమ్మలాగా లోపల చేవ ఉండదు. బెరడు దగ్గర రాయిలా ఉంటుంది, నడిమికి వెళ్ళేకొద్దీ మెత్తటి పీచు. దూలంగా వేస్తే బరువు పొడుగునా పంచుకుంటుంది కాబట్టి ఇళ్ళకి పనికొచ్చింది. అడ్డంగా కోసిన ముక్కని నిలబెట్టి నడిమి మీద ఇనుప మొన ఆనిస్తే, వానకి నానిన మొద్దు లోపలికి కుంగుతుంది. ఇటుకది ఇంకో తీరు. గోడలో ఉన్న ఇటుక మీద బరువు నిండా పరుచుకుని ఉంటుంది. కారు కింద పెట్టిన ఇటుక మీద ఒక అంచో, ఒక బోల్టు తలో ఆనుతుంది. ఇటుకకి ముందుగా హెచ్చరించే అలవాటు లేదు. చెక్కయితే కిర్రుమంటుంది, ఇనుమైతే వంగుతుంది, ఇటుక ఉన్నట్టుండి రెండు ముక్కలవుతుంది. సిమెంటు బోలు ఇటుకలైతే, బోలు వైపు పక్కకి తిప్పి పెట్టినప్పుడు మరీ అన్యాయం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పాతికేళ్ళుగా బోర్డు మీద హైడ్రాలిక్ జాకీ బొమ్మ గీసి, చిన్న పిస్టను, పెద్ద పిస్టను, పాస్కల్ సూత్రం అని చెబుతున్నాను. ఆ బొమ్మలో జాకీ కింద ఎప్పుడూ ఒక అడ్డగీత ఉంటుంది. దాని కింద ఏటవాలుగా చిన్న గీతలు గీస్తాం, నేల అని గుర్తు. ఆ గీత వంగదు, నానదు. మా పాకలో గీత నానింది.

లెక్క చూడండి. అంబాసిడర్ బరువు పదకొండు వందల కిలోలకి అటూ ఇటూ. నాలుగు స్టాండ్ల మీద పెడితే ఒక్కోదానికి ఉజ్జాయింపుగా మూడొందల కిలోలు. స్టాండు అడుగున చూడ్డానికి జానెడు వెడల్పున్నా, నేలకి తగిలేది నాలుగు కాళ్ళ చివర్న ఉండే ఇనుప అంచులే. మొత్తం కలిపితే ఇరవై చదరపు సెంటీమీటర్లు ఉంటుందేమో. అంటే చదరపు సెంటీమీటరుకి 15 కిలోలు. మెత్తటి తడి బంకమట్టి మోయగలదని ఇంజనీర్లు వేసుకునే లెక్క చదరపు మీటరుకి 5 నుంచి 10 టన్నులు, అంటే చదరపు సెంటీమీటరుకి అర కిలో నుంచి కిలో. మట్టి మోయగలిగేదానికి పదిహేను, ముప్పై రెట్లు దాని నెత్తిన పెట్టి నేను పడుకోవడానికి వెళ్ళాను. ఎండాకాలంలో అదే మట్టి బీటలు తీసి రాయిలా ఉంటుంది, ఆ రాయిని చూసే మనం మోసపోతాం. ఒక్క వాన చాలు, ఒక్క పైపు లీకు చాలు. చివరికి బండి కడిగిన నీళ్ళు చాలు.

అదే స్టాండు కింద 40 సెంటీమీటర్లు పొడవూ వెడల్పూ ఉన్న మందపాటి చెక్క పలక పెడితే, మూడొందల కిలోలు 1600 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటాయి. చదరపు సెంటీమీటరుకి 0.19 కిలో. తడి బంకమట్టి కూడా మోస్తుంది. మరి పలక చాలు కదా అంటారు. ఒక రోజు పనికి చాలు. అయితే పలక వంగకూడదు, నానకూడదు, దాని కింది మట్టి అన్నివైపులా ఒకేలా ఉండాలి. మా పాకలో కూలింది ఈ చివరిదే: చూరు వైపు తడి, లోపల పొడి.

పలక సరిపోకపోవడానికి ఇంకో కారణం ట్రాలీ జాకీ. చక్రాలుండి కారు కిందికి తోసే పడక జాకీ. దాని చెయ్యి నిట్టనిలువుగా లేవదు, చాపం గీసినట్టు వంపు తిరుగుతూ లేస్తుంది. కారు కదలకుండా ఉండాలంటే లేచేకొద్దీ జాకీయే దాని చిన్న ఇనుప చక్రాల మీద ముందుకి దొర్లాలి. మట్టిలో ఆ చక్రాలు దిగబడతాయి. అప్పుడు జాకీ కారునైనా తన వైపు లాగుతుంది, లేదా దాని తలైనా పట్టు తప్పి జారుతుంది. ఈ ముక్క జాకీ అట్టపెట్టె మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, గట్టి సమతల నేల మీదే వాడవలెనని. అది ఏదో రాయాలని రాసింది కాదు, ఆ యంత్రం పనిచేసే పద్ధతే అది.

ఇక గొయ్యి. ఈ సంగతి విన్న ప్రతివాడూ ఇచ్చిన సలహా ఇదే. మా బాబాయి అయితే గునపం కూడా పంపించాడు. "గొయ్యి తవ్వించరా, హాయిగా నిలబడి చేసుకుంటావు. ఎత్తే పనే లేదు, పడే భయమే లేదు." వినడానికి న్యాయంగానే ఉంది. ఎక్కడో మెట్ట ప్రాంతంలో న్యాయమే కూడా. మా పెరట్లో అక్టోబరులో నమూనాకి తవ్వాను. మూడడుగులకే నీరు ఊరింది. నిలబడి పని చెయ్యాలంటే అయిదడుగులు కావాలి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టా కాలువల నీళ్ళ మీదే బతుకుతోంది. కాలువ పారినన్నాళ్ళూ మా నూతిలో నీళ్ళు చేత్తో అందుకునేంత దగ్గర్లో ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాకే కాస్త దిగుతాయి. ఆ రెండు నెలల కోసం గొయ్యి తవ్వుకుంటే మిగతా పది నెలలూ అందులో కొరమేనులు పెంచుకోవాలి.

కాంక్రీటు పెట్టెలా కట్టించి నీరు రాకుండా చేద్దామన్నాడు ఇంకొకాయన. నీళ్ళున్న నేలలో ఖాళీ పెట్టె పాతితే నీరు దాన్ని కింది నుంచి పైకి తోస్తుంది. కొత్తగా కట్టిన సెప్టిక్ ట్యాంకులు నింపకుండా వదిలేస్తే వానలకి పైకి లేవడం చూసినవాళ్ళుంటారు. దానికి తగ్గ బరువుతో కట్టాలంటే ఆ డబ్బుతో ఇంకో అంబాసిడర్ వస్తుంది.

నీటి సంగతి అటుంచినా గొయ్యంటే నాకు భయమే, కారణం పెట్రోలు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. ట్యాంకు దించినప్పుడో, గొట్టం విప్పినప్పుడో నాలుగు చుక్కలు కారితే ఆ ఆవిరి జారి గోతిలో పేరుకుంటుంది, మనం నిలబడేది అందులోనే. పాడుపడ్డ నూతిలోకి దిగే ముందు దీపం దించి చూడమని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ మాత్రం దీపమే ప్రమాదం. గోతిలోకి గ్రైండరు, తీగ వేలాడేసిన బల్బు పట్టుకుని దిగడమంటే నిప్పుని వెంటబెట్టుకుని దిగడమే. వీధి షెడ్లలో గోతులు లేవా అంటే ఉన్నాయి. అక్కడ పగలంతా మనుషులు తిరుగుతుంటారు, గాలి ఆడుతుంటుంది. నా పెరట్లో రాత్రి ఎనిమిదింటికి నేనూ, కప్పలూ.

అలా చివరికి స్లాబు వేయించాను. పద్దెనిమిది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, అయిదంగుళాల మందం. కింద అడుగు లోతు మట్టి తీసేసి గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, పైన ఇనుప మెష్ పరిచి, ఒకటికి ఒకటిన్నరకి మూడు పాళ్ళ కాంక్రీటు. పదిహేడు బస్తాల సిమెంటు పట్టింది. ఖర్చు విని మా ఆవిడ, "కారు అమ్మితే ఇంత రాదు కదండీ" అంది. నిజమే, రాదు.

అసలు యుద్ధం డబ్బు దగ్గర కాదు, వాలు దగ్గర జరిగింది. మన దగ్గర తాపీమేస్త్రి ఎవరైనా పెరట్లో గచ్చు చేస్తే వాలు పెట్టకుండా వదలరు. పెట్టకపోతే ఆయనకి అన్నం సహించదు. "నీళ్ళు నిలబడిపోతాయండీ, నాచు పడుతుందండీ, రేపు మీ అమ్మగారు జారి పడితే నన్నంటారు" అన్నారు. కారు నిలిపే చోట వాలు ఉంటే కారు జారి పడుతుందండీ అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు. చివరికి పైన రేకుల షెడ్డు, చుట్టూ అరడుగు కాలువ, స్లాబు మాత్రం మట్టసంగా, అని రాజీకొచ్చాం. ఆయన నీళ్ళ గొట్టం పట్టి నాలుగు మూలలా మట్టం చూసి, నాలుగూ ఒకటే వచ్చేసరికి, చేతకాక అలా వచ్చిందని ఎవరైనా అనుకుంటారేమోనని బాధపడ్డారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళు కట్టి ఉంచాను. ఆ నెల్లాళ్ళూ కారు పాకలో నాలుగు చక్రాల మీదే ఉంది, నేను కిందికి దూరలేదు.

స్లాబు వచ్చింది కదాని ధైర్యం తెచ్చుకునే పని కూడా లేదు. నేల గట్టిదైతే మిగతావి చెప్పినట్టు వింటాయి, అంతే. మిగతావాటిలో నేను ఎక్కువ భయపడేది హ్యాండ్ బ్రేకుని నమ్మేవాళ్ళని చూసి. అంబాసిడర్లో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక వైపు ఎత్తారంటే ఆ బ్రేకు గాల్లో ఉన్న చక్రాలని పట్టుకుని కూర్చుంటుంది, నేల మీదున్న ముందు చక్రాలకి అడ్డూ ఆపూ లేదు. "గేరులో వేశాం కదండీ" అంటారు. గేరు పట్టుకునేదీ వెనక చక్రాలనే. ఒక్క వెనక చక్రమే ఎత్తినా గేరుని నమ్మడానికి లేదు. లోపల డిఫరెన్షియల్ ఉంటుంది, గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ నేల మీదున్న చక్రాన్ని ముందుకి తిరగనిస్తుంది. కావాలంటే బొమ్మ కారు కాదు, అసలు కారే చూడండి: రెండు వెనక చక్రాలూ పైకెత్తి గేరులో వేసి, ఒకటి చేత్తో తిప్పితే రెండోది ఎదురు తిరుగుతుంది. అందుకని నేల మీదుండే చక్రాలకి ముందూ వెనకా తుమ్మ చెక్క ఏటవాలుగా కోసిన అడ్డుచెక్కలు. రాయి వద్దు, రాయి జారుతుంది.

ఎత్తడం కూడా ఒక్కసారిగా కాదు. ముందు వైపు అడ్డంగా ఉండే ఇనుప దూలం, క్రాస్ మెంబర్, కింద జాకీ పెట్టి నాలుగంగుళాలు, స్టాండ్లు. తర్వాత వెనక హౌసింగు కింద నాలుగంగుళాలు, స్టాండ్లు. మళ్ళీ ముందు. ఒక చివర అమాంతం ఎత్తేస్తే రెండో చివరనున్న స్టాండ్లు కారుతో పాటు వాలతాయి. నాలుగు విడతల్లో నాకు కావలసిన ఎత్తు వచ్చింది, అంటే పక్కకి తిరిగి పడుకుంటే భుజం తగలనంత. అంతకు మించి ఎత్తాలనే యావ వద్దు.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు కనక ఇంకోసారి. జాకీలో మీ ప్రాణాన్ని పట్టుకుని ఉన్నది ఒక రబ్బరు వాషరు, ఒక చిన్న ఉక్కు గోళీ. ఆ గోళీ కూర్చునే చోట ఇసుక రేణువు ఒకటి చేరితే నూనె వెనక్కి జారుతుంది, కారు దిగుతుంది. స్టాండులో నూనె లేదు, రబ్బరు లేదు, కాబట్టి అది మోస్తుంది. స్టాండు కూడా అందరికన్నా నమ్మకస్థుడేం కాదు. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ పళ్ళ చక్రం తరహా స్టాండ్లని లక్షల్లో వెనక్కి పిలిచింది, బరువు మీద ఉండగా పన్ను జారిపోతోందని. అందుకే నేను అడ్డంగా ఇనుప చీల దూర్చే రకం కొన్నాను. అందంగా ఉండదు, అయినా చీల దూరిందో లేదో కళ్ళకి కనిపిస్తుంది. టన్నులు అంకె వేసి ఉంటుంది కదా, అది ఒక్క స్టాండుకా, జతకా అన్నది చదివి కొనండి. చాలావాటి మీద జతకే.

నాలుగూ నిలబడ్డాక కిందికి దూరకుండా కారుని నడుముతో, రెండు చేతులతో గట్టిగా కుదుపుతాను. మర్యాదగా కాదు, దెబ్బలాటకి వెళ్ళినట్టు. పడేదేదో నేను బయట ఉన్నప్పుడే పడాలి. ఆ తర్వాత విప్పిన చక్రాలు రెండూ తలుపుల కింద బాక్సుల దిగువన పడుకోబెడతాను. అవి కాక తుమ్మ దుంగలు, నాలుగు పలకలుగా కోయించినవి, రెండు అడ్డం రెండు నిలువు చొప్పున పేర్చి కారు అడుగుకి రెండంగుళాల దూరంలో ఆపుతాను. కార్ల మేస్త్రిగారు చూసి, "కారు కింద ఇల్లు కడుతున్నారా మాస్టారూ" అన్నారు.

ఇంత చేసినా దేని మీద ఆనించామన్నది మిగిలే ఉంటుంది. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. జాకీ పెట్టమని కంపెనీ చూపించిన చోటు 1984లో గట్టిది. వరద నీళ్ళు తాగిన బండిలో ఆ చోటు పైన రంగు, కింద రెడాక్సైడు, నడుమ ఏమీ లేకపోవచ్చు. నేను ఎడమ బాక్సు పొడుగునా చిన్న సుత్తితో తడుతూ వెళ్ళాను. ముందు ఖంగుమంది, మూడు జానలు దాటాక బొద్దుమంది. స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే పెద్ద కష్టం లేకుండా లోపలికి పోయింది, అప్పడంలో వేలు పోయినట్టు. ఆ కన్నంలోంచి ఒండ్రు రాలింది, మెత్తగా, బూడిద రంగులో, ఇన్నాళ్ళయినా లోపల్లోపల చెమ్మగానే. ఆ మట్టితో పాటు ఒక చిన్న నత్తగుల్ల నా చెంప మీద పడింది. అక్కడ గనక స్టాండు పెట్టి ఉంటే స్టాండు తల సీటు కిందికి తేలేది. కళ్ళద్దాలు పెట్టుకోకుండా అడుగున తట్టడం మొదలుపెట్టకూడదని కూడా అప్పుడే తెలిసింది, నత్తగుల్ల రెండంగుళాలు పైన పడలేదు కాబట్టి సరిపోయింది.

ఇది ముందే చేసుకోవలసిన పని. కారు కిందికి దూరే ముందు ట్రాక్టరుతో లాగించి వాటర్ సర్వీసింగు ర్యాంపు మీద అడుగంతా కడిగించాలి. గంట పని. ఏది రేకో ఏది మట్టో అక్కడే తెలిసిపోతుంది. నేను మొహమాటపడి చెయ్యలేదు, చచ్చిన బండిని ఊరి నడిమి నుంచి ఈడ్చుకెళ్ళడం ఎందుకని. ఆ మొహమాటం ఖరీదు రెండు నెలలు.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. చెమ్మ నేల, చెమట ఒళ్ళు, 230 ఓల్టుల హ్యాండు లైటు, మూడూ ఒకచోట చేరకూడదు. బ్యాటరీ మీద వెలిగే 12 ఓల్టుల ఎల్‌ఈడీ పట్టీ చాలు, గ్రైండరుకి వేరే లైను లాగి కరెంటు లీకయితే వెంటనే ఆపేసే ముప్పై మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ పెట్టించాను. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము విప్పగానే అలవాటుగా ఉఫ్ అని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు దూరను. అమ్మ మడతకుర్చీ వేసుకుని షెడ్డు బయట కూర్చుంటుంది. ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే, ఏదైనా అయితే నన్ను కాళ్ళు పట్టి లాగొద్దు, పక్కనే ఉన్న జాకీ పిడి కొట్టు అని. నేర్పించాను, రెండుసార్లు ఎత్తి దించింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి పదకొండు వందల కిలోల బండిని ఒక పక్క నాలుగంగుళాలు ఎత్తి, "ఇంతేనా" అంది. పాస్కల్ సూత్రం నా విద్యార్థులెవరూ అంత తొందరగా ఒప్పుకోలేదు. పది నిమిషాలకోసారి "ఒరేయ్, ఉన్నావా" అని కేకేస్తుంది. పలక్కపోతే చిరాకు పడుతుంది, పలికితే పక్కింటావిడతో తన మాటల్లో తను పడిపోతుంది.

ఫ్లోరు రేకు వెల్డింగు దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతంతా నాకే విసుగొచ్చింది. వెల్లకిలా పడుకుని తల మీద నిప్పురవ్వలు పోసుకుంటూ వెల్డింగు చెయ్యడానికి టింకరింగు కుర్రాడు ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకోలేదు. ఇంజను, గేర్‌బాక్సు, హౌసింగు, అద్దాలు, ట్యాంకు, సీట్లు అన్నీ దించేశాం. మిగిలింది ఉత్త గుల్ల. పాత ట్రాక్టరు టైర్లు రెండు స్లాబు మీద పరిచి, చెయిన్ పుల్లీ సాయంతో తొమ్మిదిమందిమి కలిసి దాన్ని పక్కకి పడుకోబెట్టాం. రెండు వైపులా తాళ్ళు, అటు వైపు గట్టి పోట్లు. అప్పుడు అడుగు గోడలా ఎదురుగా నిలబడింది. స్టూలు వేసుకుని కూర్చుని చేశాడు కుర్రాడు, మొహం దాని ఎదురుగా పెట్టుకుని. నలభై ఏళ్ళ పాటు ఎవరికీ కనపడని చోటు, పాత రంగు, ఎవరో ఎప్పుడో వేసిన అతుకులు, అన్నీ ఒక్కసారి వెలుతుర్లో కనిపించాయి. ఇంత సుళువైనదాన్ని మొదట్లోనే ఎందుకు చెయ్యలేదా అనిపించింది. గట్టి నేల లేదు కనక చెయ్యలేదు. పాక మట్టిలో దీన్ని ఒరగబెట్టి ఉంటే ఏ మూల ఎంత దిగేదో.

కార్ల మేస్త్రిగారు ఆ రోజంతా పక్కనే నిలబడి చూశారు. సాయంత్రం వెళ్ళబోతూ, తన షెడ్డు ముందు కూడా ఇలాంటి గచ్చు ఎంతవుతుందని అడిగారు. పదిహేడు బస్తాలన్నాను. "వాలు పెట్టించుకుంటానండీ నేను మాత్రం" అన్నారు.

ఇప్పుడు బండి మళ్ళీ నాలుగు చక్రాల మీద ఉంది. ఈ ఆదివారం వెనక బ్రేకు గొట్టం మార్చాలి. స్లాబు మీద అమ్మ మినప వడియాలు పెట్టింది. ఊళ్ళో ఇంత మట్టసమైన చోటు ఇంకెక్కడా లేదట, మూడెండలు పడాలట.